కంప్యూటర్లో 50, రాక్‌లో 37

ఓ మాదిరి ఊళ్ళో హార్డ్‌వేర్ షాపు అనుకోండి. ముందు పైపులు, ఫిట్టింగులు, వైర్లు, స్విచ్‌లు, పెయింట్లు. వెనక గోడౌన్లో సిమెంటు, పుట్టీ. పక్క ఖాళీ జాగాలో ఇనుము. నాలుగు వేల దాకా ఐటమ్‌లు, నలుగురు కుర్రాళ్ళు, కౌంటర్ మీద ఓ కంప్యూటరు. ప్లంబర్ వచ్చి ముప్పావు ఇంచి ఎల్బోలు (పైపుని మలుపు తిప్పే ముక్కలు) 40 కావాలంటాడు. కంప్యూటర్లో చూస్తే 50 ఉన్నాయి. కుర్రాడు నిచ్చెనెక్కి డబ్బా దించితే 37. ప్లంబర్ ఆ 37 పట్టుకెళ్ళడు. మూడు ఎల్బోల కోసం రెండు షాపులు తిరిగే తీరిక అతనికి ఉండదు కాబట్టి పైపులతో సహా మొత్తం సరుకు ఎదుటి షాపులో తీసుకుంటాడు.

ఇలా నాలుగైదుసార్లు జరిగాక ఓనర్లు ఎక్కువమంది చేసే పని కొత్త సాఫ్ట్‌వేర్ కొనడం. పాతదాంట్లో ఉన్న తప్పు స్టాకే కొత్తదాంట్లో ఓపెనింగ్ స్టాకుగా (మొదటి నిల్వగా) ఎక్కుతుంది. ఆరు నెలలు తిరిగేసరికి మళ్ళీ మొదటికి వస్తారు.

కూడికలు తీసివేతలు ఏ సాఫ్ట్‌వేరూ తప్పు చేయదండీ. సరుకు లోపలికి వచ్చేటప్పుడు, బయటికి వెళ్ళేటప్పుడు, వెనక్కి తిరిగొచ్చేటప్పుడు కాగితం ఎవరు రాయాలి, ఎప్పుడు రాయాలి అన్నది తేలకపోతే లక్ష రూపాయల సాఫ్ట్‌వేరూ తెల్ల చీటీ ఒకటే. ఈ మూడూ సరిచేసుకోవడానికి ఒక రిజిస్టరు, నంబర్లు వేసిన డూప్లికేట్ పుస్తకాలు కొన్ని, ఓ చిన్న డబ్బా పసుపు పెయింటు చాలు. కంప్యూటరు పని ఆ తర్వాత.

ముందు తప్పు ఎక్కడుందో చూడండి

షట్టర్ దించి నాలుగు వేల ఐటమ్‌లూ లెక్కపెట్టే పని ఇప్పుడే పెట్టుకోవద్దు. ఆ లెక్క వారంలో పాతబడిపోతుంది, ఎందుకు తప్పుతోందో మాత్రం చెప్పదు. బాగా కదిలే ఐటమ్‌లు 20 ఎంచుకోండి. అన్నీ ఒకే రకం కాకుండా చూడండి: రెండు పైపు సైజులు, నాలుగు ఫిట్టింగులు, రెండు వైర్లు, సిమెంటు, 8 ఎంఎం కడ్డీ, ఒక స్విచ్, ఒక పుట్టీ, ఇలా. రోజూ పొద్దున షాపు తెరవగానే, మొదటి గిరాకీ రాకముందు, ఈ 20 మాత్రం లెక్కపెట్టి కంప్యూటర్‌తో పోల్చండి. తేడా వచ్చిన ప్రతిదానికీ నిన్నటి చీటీలు, బిల్లులు వెతికి కారణం కనుక్కొని రిజిస్టర్లో రాయండి. నిన్నటి తేడాకి కారణం ఈరోజు దొరుకుతుంది. మార్చి నెలాఖరున వెతికితే దొరకదు.

రెండు వారాలయ్యాక ఆ రిజిస్టరు చదివితే షాపు జాతకం తెలుస్తుంది. కారణాలు పది పదిహేను రాసినా అవి ఆరేడు గుంపుల్లోకే వస్తాయి: కొనుగోలు బిల్లు ఎక్కకముందే సరుకు అమ్మేయడం, చీటీ మీద ఇచ్చి బిల్లు చేయకపోవడం, రిటర్న్ తీసుకొని రాయకపోవడం, ఒకే వస్తువు రెండు పేర్లతో ఉండడం, కొన్న యూనిట్ ఒకటి అమ్మిన యూనిట్ ఇంకొకటి కావడం, స్కీములో వచ్చిన ఫ్రీ సరుకు, పగిలినవీ పాడైనవీ. దొంగతనం అని ఓనర్లు మొదట అనుమానిస్తారు. అది లేదనను. కానీ ఇవన్నీ మూసేదాకా దొంగతనం ఉందో లేదో తేలదు, ఈలోపు అనుమానంతో మంచి కుర్రాడు మానేసి వెళ్ళిపోతాడు.

సరుకు దిగే చోటు

ట్రాన్స్‌పోర్ట్ బండి ఎప్పుడూ షాపు రద్దీగా ఉన్నప్పుడే వస్తుంది. హమాలీలు తొందరపెడతారు, డ్రైవర్ హారన్ కొడతాడు. కుర్రాడు ఎల్‌ఆర్ (లారీ రసీదు) కాగితం మీద సంతకం పెట్టేస్తాడు, పెట్టెలు నేరుగా రాకుల్లోకి వెళ్ళిపోతాయి. ఇన్‌వాయిస్ ఎవరి జేబులోనో, వాట్సాప్‌లోనో ఉంటుంది. మూడు రోజుల తర్వాత అకౌంటెంట్ వచ్చి ఎక్కించేసరికి అందులో సగం అమ్ముడైపోయి కంప్యూటర్లో మైనస్ చూపిస్తుంటుంది. మైనస్ స్టాకులో కూడా బిల్లు కొట్టనిచ్చే సెట్టింగ్ దాదాపు ప్రతి షాపులోనూ ఆన్‌లోనే ఉంటుంది. మొదటి రోజే దాన్ని ఆపేస్తే వ్యాపారం ఆగిపోతుంది కాబట్టి వద్దు. ఇన్‌వర్డ్, అంటే సరుకు లోపలికి వచ్చే పద్ధతి, దారిలో పడ్డాక ఆపండి.

గోడౌన్ తలుపు పక్కన ఆరడుగులు ఇంటు ఎనిమిదడుగుల జాగా ఖాళీ చేసి చుట్టూ పసుపు గీత కొట్టండి. వచ్చిన ప్రతి పెట్టె ముందు ఆ గీత లోపల దిగాలి. లెక్క అయ్యి, ఇన్‌వాయిస్ మీద సంతకం పడేదాకా గీత దాటి ఒక్క పెట్టె కూడా రాకులోకి పోకూడదు. పైపులకీ సిమెంటుకీ ఇంత చోటు చాలదు. వాటిని బండి మీదే లెక్కపెట్టి దించాలి.

లెక్కపెట్టేవాడి చేతికి ఇన్‌వాయిస్ ఇవ్వొద్దు. ఇది చాలామందికి వింతగా అనిపిస్తుంది గానీ కీలకం ఇదే. కాగితం మీద 48 అని చూసినవాడికి డబ్బాలో 46 ఉన్నా 48 లాగే కనిపిస్తాయి. తెల్ల కాగితం ఇచ్చి ఐటమ్, సైజు, కంపెనీ, ఎన్ని ఉన్నాయో రాయమనండి. ఆ కాగితాన్ని ఇంకొకరు ఇన్‌వాయిస్‌తో పోల్చాలి. తేడా ఉంటే ఇద్దరూ కలిసి మళ్ళీ లెక్కపెట్టాలి. పెట్టె చిరిగినా, తడిసినా, పెట్టెలు తక్కువొచ్చినా సంతకం పెట్టేముందే ఎల్‌ఆర్ మీద "ఒక పెట్టె తక్కువ" అనో "రెండు పెట్టెలు తడిసినవి" అనో రాసి ఫోటో తీయాలి. శుభ్రంగా సంతకం పెట్టేసి మర్నాడు ఫోన్ చేస్తే ట్రాన్స్‌పోర్ట్‌వాళ్ళు కంపెనీని అడగమంటారు, కంపెనీవాళ్ళు ట్రాన్స్‌పోర్ట్‌ని అడగమంటారు.

ఎంట్రీ అదే రోజు అయిపోవాలి. ఇన్‌వాయిస్ రాకుండా సరుకు ముందొస్తే ట్యాలీ సాఫ్ట్‌వేర్లో రిసీట్ నోట్ అని ఉంటుంది, దాంట్లో వేస్తే స్టాకు ఎక్కుతుంది, బిల్లు వచ్చాక దానికి జత చేసుకోవచ్చు. స్కీము సరుకు దగ్గర జాగ్రత్త. పది కొంటే ఒకటి ఫ్రీ అన్నప్పుడు బిల్లులో రేటు పదికే ఉంటుంది, రాకులోకి వచ్చేవి 11. పదే ఎక్కిస్తే పదకొండోది అమ్మిన రోజు మైనస్ పడుతుంది, పైగా ఒక్కోదాని అసలు కొనుగోలు రేటు కూడా తప్పు కనిపిస్తుంది. ట్యాలీలో యాక్చువల్ క్వాంటిటీ, బిల్డ్ క్వాంటిటీ అని రెండు కాలమ్‌లు తెరుచుకోవచ్చు: మొదటిదాంట్లో 11, రెండోదాంట్లో 10. "తర్వాత క్రెడిట్ నోట్ ఇస్తాం" అని, అంటే బిల్లు మొత్తం తగ్గించే కాగితం ఇస్తామని, సేల్స్‌మన్ నోటిమాటగా చెప్పే డిస్కౌంట్లు ఇక్కడ కలపకండి. వాటికి వేరే పేజీ పెట్టి తేదీ, సేల్స్‌మన్ పేరు, ఎంత అన్నాడో రాసుకొని నెలాఖరున అడగండి. రాసుకోని స్కీము రాదు.

వచ్చిన సరుకు, బిల్లులు ఇలా రాసుకునే ఇన్‌వర్డ్ రిజిస్టరుకి ఇంకో లాభం జీఎస్‌టీ దగ్గర ఉంది. సప్లయర్ తన జీఎస్‌టీ రిటర్న్‌లో చూపించిన బిల్లు మీ జీఎస్‌టీఆర్-2బిలో (మీ కొనుగోళ్ళ మీద పోర్టల్ తయారుచేసే పట్టీలో) కనపడితేనే ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుకి మినహాయింపు. అది మర్నెల 14న తయారవుతుంది, నెలనెలా ఫైల్ చేసేవాళ్ళకి పన్ను కట్టే జీఎస్‌టీఆర్-3బి గడువు 20. అంటే రిజిస్టర్లో ఉండి 2బిలో లేని బిల్లులు ఏవో చూసుకోవడానికి ఆరు రోజులు. ఇంకా మంచిది 8, 9 తేదీల్లోనే సప్లయర్లకి గుర్తుచేయడం. నెలవారీ ఫైల్ చేసేవాళ్ళకి అమ్మకాల బిల్లులు చూపించే జీఎస్‌టీఆర్-1 గడువు 11, మూడు నెలలకోసారి ఫైల్ చేసే చిన్న సప్లయర్లు బిల్లులు అప్‌లోడ్ చేసుకోవడానికి 13. ఆ తేదీలు దాటాక వేడుకున్నా ఆ నెలకి పని జరగదు.

చీటీ, రిటర్న్ డబ్బా

హార్డ్‌వేర్ షాపులో పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా మేస్త్రీల వేళ. కూలీలు సైటు మీద ఎదురుచూస్తుంటారు, అందరికీ తొందరే. "అన్నా, ముందు సరుకివ్వు, బిల్లు సాయంత్రం చేసుకుందాం" అంటాడు మేస్త్రీ. కాదంటే గిరాకీ పోతుంది. కాబట్టి ఆ వేళలో చీటీ మీద సరుకివ్వడం తప్పదు, దాన్ని ఆపాలని చూడకండి. ఆపాల్సింది తెల్ల చీటీని.

నంబరు వేసిన డూప్లికేట్ పుస్తకం ప్రింట్ చేయించండి. పుస్తకానికి 50 నంబర్లు, ఒక్కో నంబరుకి రెండు కాపీలు, మధ్యలో కార్బన్. చీటీ మీద ఉండాల్సినవి తేదీ, ఖాతా పేరు, సైటు పేరు, ఐటమ్‌లు, తీసుకెళ్ళినవాడి సంతకం, రాసినవాడి పొట్టి సంతకం. ఇంతే. రేట్లు రాయక్కర్లేదు, అది కౌంటర్ పని. రాత్రి షట్టర్ దించేముందు ఆరోజు మొదటి నంబరు నుంచి ఆఖరి నంబరు దాకా వరసగా చూస్తూ పోవాలి. 201 నుంచి 248 దాకా వాడితే 48 చీటీలూ ఉండాలి, ప్రతిదాని మీదా బిల్లు నంబరో, "రద్దు" అనో ఎర్ర ఇంకుతో రాసి ఉండాలి. 223 కనిపించకపోతే ఆ రాత్రే వెతకాలి. చీటీ పోగొట్టుకోవడం తెల్ల కాగితంతో ఎవరికీ తెలియదు, నంబరుతో అందరికీ తెలుస్తుంది. ఈ పుస్తకం బలమంతా ఆ నంబర్లోనే ఉంది.

రెండో నియమం: చీటీ రాసేవాడు, సరుకు తీసిచ్చేవాడు వేరువేరు మనుషులు కావాలి. చెప్పింది విని, తనే తీసి, తనే ఇచ్చి, తర్వాత గుర్తుతెచ్చుకొని రాస్తే, విన్నప్పుడు జరిగిన పొరపాటు పట్టుకునే మనిషే ఉండడు. ఒకరు రాస్తే, ఇంకొకరు చీటీ చూసి తీస్తే, "అన్నా, ఎస్‌డీఆర్ 11 రాశావు, ఈయన 13.5 అడుగుతున్నాడు" అనే మాట అక్కడే వస్తుంది (ఎస్‌డీఆర్ అంటే పైపు గోడ మందం గ్రేడు). ఇద్దరే పనివాళ్ళున్న షాపులో కూడా ఇది కుదురుతుంది. రాయడం కౌంటర్‌కి వదిలేయాలి.

సైటుకి ఆటోలో పంపే సరుకుకి ఒక కాపీ వెంట వెళ్ళి సంతకంతో తిరిగి రావాలి. ఆటో కిరాయి ఆ కాపీ తెచ్చాకే ఇస్తామని చెప్పండి, వారంలో అలవాటైపోతుంది. ఖాతా గొడవల్లో పెద్ద భాగం "ఆ సరుకు నా సైటుకి రాలేదు" అనేదే కదా. కాంట్రాక్టర్‌కి మూడు సైట్లుంటే చీటీ మీద సైటు పేరు లేకపోవడమే ఆ గొడవకి మూలం. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (ఆన్‌లైన్లో తీసే రవాణా కాగితం) కూడా కావాలి, అది చీటీతో సరిపోదు, ముందే ఇన్‌వాయిస్ కొట్టాలి.

రిటర్న్‌లు ఈ వ్యాపారానికే పట్టిన పీడ. కిరాణా కొట్టుకి అమ్మిన పప్పు తిరిగి రాదు. ప్లంబర్ మాత్రం 30 ఎల్బోలు తీసుకెళ్ళి పని అయ్యాక 8 సంచీలో వేసుకొచ్చి కౌంటర్ మీద గుమ్మరిస్తాడు, వాటిలో రెండు పక్క షాపువి. రద్దీలో కుర్రాడు అవి డబ్బాలో పడేసి "సరే అన్నా" అంటాడు. కంప్యూటర్లో ఆ ఎనిమిది ఇంకా అమ్ముడైనట్టే ఉంటాయి. స్టాకు తగ్గితే అనుమానపడతాం, పెరిగితే ఎవరూ పట్టించుకోరు. నిజానికి ఈ పెరిగినది వేరేచోట తగ్గినదాన్ని కప్పేస్తుంది, అందుకే ఇది ఎక్కువ ప్రమాదం.

కౌంటర్ కింద ఒక ఎర్ర డబ్బా పెట్టండి. తిరిగొచ్చిన ప్రతి వస్తువూ ముందు అందులో పడాలి, రిటర్న్ చీటీ రాశాకే రాకులోకి వెళ్ళాలి. రిటర్న్ చీటీ పుస్తకం గులాబీ రంగులో వేయించండి, అమ్మకం చీటీతో కలవకుండా. పాత బిల్లు నంబరు లేకుండా తీసుకోవద్దు, రేటు ఏది అన్న గొడవ వస్తుంది. సాల్వెంట్ (పైపు జిగురు) అంటిన ఫిట్టింగ్, టెఫ్లాన్ చుట్టిన బ్రాస్ ఎల్బో, కోసిన వైరు, రంగు కలిపిన పెయింటు, వీటికి రిటర్న్ లేదని బిల్లు కింద అచ్చు వేయించండి. వేళ కూడా పెట్టండి: మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. మొదటి వారం సణుగుతారు. జీఎస్‌టీ నంబరున్న కాంట్రాక్టర్‌కి రిటర్న్ అంటే క్రెడిట్ నోట్ ఇవ్వాలి, చీటీ మీద కొట్టేసి సరిపెట్టకూడదు.

కంపెనీ లోపంతో తిరిగొచ్చినవి, అంటే పిన్‌హోల్ (సూది రంధ్రం) ఉన్న ఫిట్టింగ్, పని చేయని స్విచ్ లాంటివి, మంచి సరుకుతో కలపకుండా కంప్యూటర్లో డామేజీ అని వేరే గోడౌన్ పేరు సృష్టించి అందులోకి మార్చండి. సేల్స్‌మన్ వచ్చిన రోజు ఆ లిస్టు అతని ముందు పెట్టొచ్చు.

పేర్లు, యూనిట్లు

ఒక ఇంచి ఎల్బో అంటే ఏది? వేడినీళ్ళకి వేసే సీపీవీసీలో ఒక ఇంచి పైపు బయటి వ్యాసం 28.6 ఎంఎం. తెల్ల యూపీవీసీలో అదే ఒక ఇంచి 33.4 ఎంఎం. పొలాలకి వేసే పీవీసీ పైపుకి 25, 32, 40 అని బయటి వ్యాసమే సైజు, దాన్నీ జనం ఇంచుల్లోనే అడుగుతారు. ఇప్పుడు ఐటమ్ లిస్టులో "ఎల్బో 1 ఇంచ్", "1" ఎల్బో సీపీ", "25ఎంఎం ఎల్బో" అని ముగ్గురు మూడు రకాలుగా సృష్టించి ఉంటే, కొన్నది ఒక పేరు మీద, అమ్మింది ఇంకో పేరు మీద పడుతుంది. ఒకటి మైనస్ 80, ఇంకొకటి ప్లస్ 95. రెండూ కలిపితే లెక్క సరిపోతుంది గానీ ఎవరు కలుపుతారు?

పేరుకి ఒక వరస పెట్టుకొని దానికే కట్టుబడండి: మెటీరియల్, వస్తువు, సైజు, గ్రేడు, కంపెనీ. "సీపీవీసీ ఎల్బో 1 ఇంచ్ ఎస్‌డీఆర్11" తర్వాత కంపెనీ పేరు. పనివాళ్ళు నోటితో పిలిచే పేరుని ఎలియాస్‌గా (మారుపేరుగా) పెడితే వాళ్ళు అలాగే వెతుక్కుంటారు. కొత్త ఐటమ్ సృష్టించే హక్కు ఒక్కరికే ఉండాలి. బిల్లు కొట్టేవాడికి ఆ హక్కు ఉన్నంతకాలం, పేరు దొరక్కపోతే కొత్తది సృష్టిస్తూనే ఉంటాడు, అతని తప్పు కాదది.

డూప్లికేట్లు కలపడం రాత్రిపూట, బిల్లింగ్ ఆగాక చేయండి. రాకులో ఉన్నవి లెక్కపెట్టి, ఆ సంఖ్య అసలు పేరు మీదకి వచ్చేలా స్టాక్ జర్నల్ (సరుకుని ఒక పేరు నుంచి ఇంకోదానికి మార్చే ఎంట్రీ) వేసి, మిగతా పేర్లు సున్నా చేయండి. వాటిని తీసేయొద్దు, పాత బిల్లులు వాటి మీదే ఉన్నాయి. పేరు ముందు "జడ్ వాడొద్దు" అని ఇంగ్లీషు ఆఖరి అక్షరంతో చేరిస్తే వెతుకులాటలో అట్టడుక్కి పోతాయి. డూప్లికేట్లతో పన్ను చిక్కు కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22న సిమెంటు 28 శాతం నుంచి 18కి మారింది. ఒకే సిమెంటు మూడు పేర్లతో ఉంటే ఒకదానికి మార్చి మిగతావి మర్చిపోవడం ఎంతసేపు?

యూనిట్ విషయంలో సూత్రం ఒకటే: మీరు అమ్మే అతి చిన్న కొలత ఏదో అదే స్టాకు యూనిట్. ఇంటి వైరు కాయిల్ 90 మీటర్లు. కాయిల్‌గానే అమ్మేట్టయితే యూనిట్ కాయిల్. ఎలక్ట్రీషియన్ 17 మీటర్లు కొలిపించుకొని వెళ్ళే షాపైతే యూనిట్ మీటరు, కొనుగోలులో ఒక కాయిల్ అంటే 90 మీటర్లు అని ఎక్కాలి. పైపులకి ఇది కుదరదు. మూడు మీటర్ల లెంగ్త్ నుంచి నాలుగడుగులు కోసిస్తే మిగిలింది ఆరడుగుల లోపు ముక్క, దాన్ని ఇంకో గిరాకీకి లెంగ్త్ అని అమ్మలేరు. అందుకే కోసిన క్షణంలోనే ఒక లెంగ్త్ తగ్గించి "కట్ పీసు" అనే వేరే ఐటమ్‌లోకి అడుగుల్లో మార్చాలి. పదడుగులు అంటాం గానీ మూడు మీటర్లంటే 9.84 అడుగులే, రంపపు కోతలో పోయేది కూడా ఉంటుంది. కట్ పీసులో తొమ్మిదిన్నర అడుగులే ఎక్కించండి.

ఇనుము దగ్గర అందరూ తికమకపడతారు. కడ్డీ బరువు లెక్క వ్యాసం ఇంటు వ్యాసం బై 162, మీటరుకి కిలోల్లో. 8 ఎంఎం అయితే 64 బై 162, అంటే 0.395. పన్నెండు మీటర్ల కడ్డీకి 4.74 కిలోలు. 12 ఎంఎం అయితే 10.67 కిలోలు. కానీ ఐఎస్ 1786 (కడ్డీల భారత ప్రమాణం) ప్రకారం 10 ఎంఎం దాకా లాటు బరువులో 7 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, 10 పైన 16 దాకా 5 శాతం, ఆపైన 3 శాతం. ఇప్పుడు చూడండి. కాటా వేసి రెండు టన్నుల 8 ఎంఎం కొన్నారు. తేలిక లాటు, 450 కడ్డీలు వచ్చాయి, ఒక్కోటి 4.44 కిలోలు. నిబంధన లోపలే ఉంది. మీరు కడ్డీల లెక్కన, ఒక్కోటి 4.74 చొప్పున బిల్లు కొట్టి 450 అమ్మేశారు. బిల్లుల్లో మొత్తం 2,133 కిలోలు. కంప్యూటర్లో మైనస్ 133. కొందరు దీన్ని లాభం అనుకుంటారు. అది ఇల్లు కట్టుకునేవాడి జేబులోంచి వచ్చిన 133 కిలోల డబ్బు, అతను సైటు మీద తూకం వేయించిన రోజు మీ పేరు పోతుంది.

సరిచేయడం తేలికే. ఇనుము దిగినప్పుడు కాటా బరువు, కడ్డీల సంఖ్య రెండూ రాసుకోండి, ఆ లాటు సగటు బరువు కట్టకి ట్యాగ్‌గా కట్టండి, అమ్మేటప్పుడు ఆ సగటే వాడండి. లాట్లు కలపొద్దు. లారీ కాటా ఐదు పది కిలోల మెట్లలో చూపిస్తుంది కాబట్టి చిన్న లోడుకి షాపులో ఉన్న ప్లాట్‌ఫారం కాటానే నయం.

సిమెంటు లెక్కలో తేడా రాదు, వరస తప్పుతుంది. కొత్త లోడు పాత బస్తాల ముందు పేరుస్తారు, ముందున్నదే అమ్ముతారు, వెనక వరస మూడు నెలలు దాటి గడ్డకడుతుంది. గోడౌన్లో రెండు వరసలు వేరుగా పెట్టి, గోడ మీద సుద్దతో దిగిన తేదీ రాసి, ఒకటి ఖాళీ అయ్యాకే రెండోదాన్ని ముట్టుకోండి. చెక్క పలకల మీద, గోడకి ఒకటిన్నర అడుగు ఎడంగా, పది బస్తాల ఎత్తు దాటకుండా పేర్చాలి. పెయింట్ మిక్సింగ్ మెషీన్ కలరెంట్లు (కలిపే రంగు ద్రావణాలు) ఫార్ములా లెక్కకి ఎప్పుడూ కాస్త తక్కువే ఉంటాయి, నాజిల్ శుభ్రానికి మెషీన్ కొంత వదిలేస్తుంది. నెలకోసారి డబ్బాలో ఉన్న మట్టం చూసి వేస్టేజీగా రాసేసుకుంటే చాలు, దాని వెంట పడక్కర్లేదు.

రోజూ కాసేపు లెక్క

ఇవన్నీ నడుస్తున్నాయా లేదా తెలియడానికి ఏడాదికోసారి లెక్క పనికిరాదు. అమ్మకం విలువను బట్టి ఐటమ్‌లను మూడు గుంపులు చేయండి. నాలుగు వేలలో పైనున్న 200 నెలకోసారి, తర్వాతి 800 మూడు నెలలకోసారి, మిగతా 3,000 ఏడాదికోసారి. నెలకి 25 పనిరోజులనుకుంటే రోజుకి 8, 11, 10, మొత్తం 29 ఐటమ్‌లు. ఇద్దరు కలిసి చేస్తే ముప్పావుగంట పని. రాత్రి చీటీలన్నీ బిల్లులయ్యాక, పొద్దున తెరిచిన వెంటనే చేయాలి. మధ్యాహ్నం లెక్కపెడితే బిల్లు కాని చీటీలు అడ్డొస్తాయి.

తేడా వస్తే సంఖ్య దిద్దేసి ముందుకి పోవద్దు. కారణం కాలమ్ నింపాకే దిద్దాలి. "తెలియదు" అని కూడా రాయొచ్చు. నెల తిరిగేసరికి "తెలియదు"లు తగ్గుతున్నాయో లేదో చూడండి. తగ్గకపోతే ఎక్కడో సరుకు చీటీ పుస్తకంలో పడకుండా పోతోంది.

లెక్క నిలబడ్డాకే మినిమమ్ స్టాకు మాట. రోజుకి సగటున పోయేది ఇంటు సరుకు రావడానికి పట్టే రోజులు, పైన రెండు రోజుల జాగ్రత్త. 1.5 స్క్వేర్ (చదరపు ఎంఎం) వైరు రోజుకి నాలుగు కాయిల్స్ పోతూ, మూడు రోజుల్లో సరుకొస్తుంటే ఐదు ఇంటు నాలుగు, 20 కాయిల్స్ దగ్గర ఆర్డర్ పెట్టాలి. ఈ సంఖ్య ఏడాది పొడుగునా ఒకటే ఉంచొద్దు. మన దగ్గర ఆషాఢంలో గృహప్రవేశాలుండవు, శ్రావణంలో ఒక్కసారిగా స్విచ్‌లు, ట్యాపులు లేస్తాయి, దసరా ముందు పెయింట్లు, ఎండాకాలంలో బోరు మోటార్లు, కేబుళ్ళు. పంచాంగం చూసి మూడుసార్లు మార్చండి.

స్క్రూలు, మేకులు, వాషర్లకి ఈ లెక్కలు కూడా దండగ. రెండు డబ్బాలు పెట్టండి, రెండో డబ్బా అడుగున ఐటమ్ పేరున్న అట్ట కార్డు. మొదటి డబ్బా అయిపోగానే రెండోది ముందుకి జరిపి, కార్డు తీసి కౌంటర్ దగ్గర మేకుకి తగిలించాలి. సాయంత్రం మేకుకున్న కార్డులే ఆర్డర్ లిస్టు. టొయోటాలో తైచి ఓనో కాన్‌బాన్ అని నడిపిన కార్డుల పద్ధతికి ఇది చిన్న రూపం. అమెరికా సూపర్‌మార్కెట్లలో అల్మారా ఖాళీ అయినంతే నింపే తీరు నుంచి ఆయన పట్టుకున్న ఆలోచన అది. ఫ్యాక్టరీకి మళ్ళించింది వాళ్ళు, కొట్టుకి సహజంగా సరిపోయేది ఇది.

వరస ముఖ్యం. మొదటి రెండు వారాలు ఆ 20 ఐటమ్‌ల లెక్క. తర్వాత చీటీ పుస్తకం, అది ఒక్కటే, ఒక నెల. అది అలవాటయ్యాక పసుపు గీత, ఆపై ఎర్ర డబ్బా, ఆఖర్న పేర్లు, యూనిట్లు. అన్నీ ఒకేరోజు మొదలుపెట్టిన షాపులో పదిరోజులకి ఏదీ మిగలదు. ఇంకో మాట, చీటీ నియమాన్ని మొదట తప్పేది పనివాళ్ళు కాదు. స్నేహితుడికి ఓ ట్యాప్, బావమరిది ఇంటికి రెండు బల్బులు అంటూ ఓనరే తీసిచ్చేస్తాడు. మీ పేరున ఒక ఖాతా తెరిచి మీరూ చీటీ రాయండి.

బార్‌కోడ్ గురించి అడుగుతారు. స్విచ్ పెట్టెలకీ, పెయింట్ డబ్బాలకీ కంపెనీ బార్‌కోడ్ ఉంటుంది, అక్కడ స్కానర్ మంచిదే, రకం పొరపాటు తగ్గుతుంది. లూజు ఫిట్టింగులకి ఒక్కోదానికి స్టిక్కర్ అంటించే పని పెట్టుకోకండి. రాకు మీద డబ్బాకి ఒక స్టిక్కర్ అంటించి, దాన్ని స్కాన్ చేసి సంఖ్య కొట్టడం నయం.

మొత్తం స్టాకు లెక్క మాత్రం చివర్లో, ఒక్కసారి. మార్చి నెలాఖరే కావాలని లేదు, ఆషాఢంలో గిరాకీ పలచబడ్డ ఆదివారం మేలు. ముందురోజే చీటీలన్నీ బిల్లులు చేసి, గీత లోపలి సరుకు ఎక్కించి, ఎర్ర డబ్బా ఖాళీ చేయండి. రాకులకి ఏ, బి, సి అని, అరలకి నంబర్లని రాసి, ఇద్దరిద్దరు జట్లుగా లెక్కపెట్టిన అర మీద రంగు స్టిక్కర్ అంటించుకుంటూ పోండి. ఒక్కో జట్టు లెక్కపెట్టిన అరల్లో పదింట ఒకటి ఇంకో జట్టు మళ్ళీ లెక్కపెట్టాలి. అందులో తేడా వస్తే ఆ రాకు మొత్తం తిరిగి లెక్క. సోమవారం మొదటి బిల్లు కొట్టేముందు ఆ సంఖ్యలు ఎక్కించి, మైనస్ స్టాకు సెట్టింగ్ ఆపేయండి.